లేత యేది? ముదురేది?

బెండకాయలు కొనునపుడు మనము కొన విఱిచి చూతుము. పుటుక్కున విఱిగిన లేతయనియు, వంగి పీచు సాగిన ముదురనియు నెంచుదుము. తరతరములుగా స్త్రీలు చేయుచున్న యీ పరీక్షకు మూలమేమో తెలిసికొనుట వినోదమే కాక ప్రయోజనకరము కూడ.

మొక్క శరీరమంతయు కంటికి కానరాని కణములతో నిర్మితమైనది. 1682వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు వైద్యుడు నెహెమయా గ్రూ సూక్ష్మదర్శినితో జూచిన యీ నిర్మాణమును పటములతో గ్రంథముగా ప్రకటించెను. ఒకే తీరు కణముల సమూహమునకు సరళకణజాలమని పేరు. అవి మూడు విధములు.

మొదటిది మృదుకణజాలము. దీని కణములు సజీవములు, గోడలు పలుచనివి. నీరును పిండిపదార్థమును వీనియందు నిలువయుండును. బంగాళాదుంప గుజ్జు చాలవఱ కిదియే. ఉడికించినపుడు కణముల నొకదానితో నొకటి యంటించియుంచు పెక్టిను కరగును. కావుననే దుంప మెత్తబడును.

రెండవది స్థూలకోణకణజాలము. ఈ కణములును సజీవములే. కాని గోడలు మూలలయందు దళసరిగా నుండును. తోటకూర కాడమీది నిలువు గట్ల క్రింద నిది కలదు. గాలికి లేతకాడ వంగునే కాని విఱుగకుండుట దీని బలముచేతనే. కాడ పెరుగుకొలది తానును సాగును.

మూడవది దృఢకణజాలము. గోడలలో లిగ్నిను చేరి కణములు గట్టిపడును. పిమ్మట నవి చాలవఱకు నిర్జీవములగును. ఇందు నారలు, రాతికణములు అని రెండు తెగలు. జామపండు గుజ్జులో పంటి క్రింద ఇసుకవలె తగులునవి రాతికణములు. మునగకాడ నమలి విడుచు పిప్పిలోనివి నారలు. గోగుమొక్క యాకు మనకు కూర; దాని కాండపు నార రైతునకు త్రాడు. ఒకే మొక్కలో మెత్తనిదియు గట్టిదియు నెట్లున్నవో చూడుడు!

లిగ్నిను ఉడికినను కరగదు. ముదిరిన బెండకాయను గంటసేపు పొయ్యిమీద నుంచినను పీచు పీచుగానే యుండును. కూర ఉడుకలేదని క్రొత్తకోడలిని గద్దించు అత్తగారు దీనిని గమనింతురుగాక! తప్పు వంటలో లేదు, కాయల నేరుటలో నున్నది.

సోదరీమణులారా, ఈ మూడింటిని మీ బాలికలకు కత్తిపీట యొద్దనే చూపుడు. శాస్త్రపాఠమునకు మన వంటయిల్లు చాలును.