చిన్న పెట్టెలో గాలి దారి

అనంతపురము జిల్లాలోని ఉరవకొండ ప్రాంతమున ఏప్రిలు, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడును మించుట సామాన్యము. అట్టి ఎండలలో ఉదయము చక్కగా పనిచేసిన కంప్యూటరు మధ్యాహ్నమునకు మందగించుట, ఒక్కొక్కప్పుడు తనంతట తానే ఆగిపోవుట కలదు. చెడిపోయినదని దానిని మరమ్మతుకు పంపుదురు. అక్కడ చల్లని గదిలో అది మరల చక్కగా పనిచేయును! అట్టి సమయమున దోషము యంత్రములో గాక, దానిలో గాలి నడచు దారిలో ఉండవచ్చును. బల్లమీద చోటు కలిసివచ్చునని చిన్న పెట్టెలలో అమర్చిన కంప్యూటర్లను కొనువారు ఈ దారి సంగతి తెలిసికొనవలెను.

వేడి ఎక్కడిది?

కంప్యూటరు గ్రహించు విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు తుదకు ఉష్ణముగా మారును. 200 వాట్లు తీసికొను కంప్యూటరు వేడి విషయములో 200 వాట్ల పొయ్యి వంటిదే. అందులో 65 వాట్లు ప్రాసెసరు అను చిన్న సిలికాన్ ముక్కలోనే పుట్టవచ్చును. ఆ ముక్కపై లోహపు రెక్కలుగల దిమ్మెను బిగింతురు. రెక్కల వలన ఉపరితలము పెరిగి, వేడి గాలిలోనికి త్వరగా పోవును. ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలకు చేరినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అంతకు మించినచో ఆగిపోవును.

పంకా గాలిని కదిలించునే గాని చల్లబరచదు. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు 70 డిగ్రీలకు చేరుచున్నచో, అదే పని 42 డిగ్రీల గదిలో చేయునప్పుడు అది సుమారు 87 డిగ్రీలకు చేరును.

ఎంత గాలి కావలెను?

సముద్రతీరమున 20 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి 1.2 కిలోగ్రాములు తూగును. సుమారు 450 మీటర్ల ఎత్తున, 40 డిగ్రీల వేడిలో అది 1.07 కిలోగ్రాములే. ఒక కిలోగ్రాము గాలి ఒక డిగ్రీ వేడెక్కుటకు సుమారు 1,005 జౌళ్ల ఉష్ణము కావలెను. కావున 200 వాట్ల వేడిని మోసికొనిపోవు గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండవలెనన్న, మెట్టనేలపై సెకనుకు 18.6 లీటర్ల గాలి పెట్టెగుండా పోవలెను. చల్లని సముద్రతీరమున 16.6 లీటర్లు చాలును.

ఈ లెక్కలో పెట్టె ఘనపరిమాణము రాలేదని గమనింపవలెను. 40 లీటర్ల పెట్టెలో గాలి రెండు సెకనులకు ఒకసారి మారును. 10 లీటర్ల పెట్టెలో సెకనుకు రెండుసార్లు మారును. ప్రవాహము సమానమైనచో వెలుపలికి వచ్చు గాలి వేడియు సమానమే. మరి చిన్న పెట్టెకు వచ్చిన చిక్కేమి?

చిన్నదనపు మూల్యము

1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏటీఎక్స్ పలక 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు గలది. 2001లో తైవాను దేశపు వయా సంస్థ తెచ్చిన మినీ ఐటీఎక్స్ పలక ఇరువైపుల 170 మిల్లీమీటర్లే. వైశాల్యము ఐదింట రెండు వంతులకు తగ్గినది. పెట్టె చిన్నదైనకొలది పంకాయు, లోహపు రెక్కలును చిన్నవగును; తీగలు ఇరుకై గాలికి అడ్డుపడును.

ఒకే ఆకారముగల పంకాలలో ప్రవాహము వేగమునుబట్టియు, వ్యాసము యొక్క ఘనమునుబట్టియు పెరుగును. 120 మిల్లీమీటర్ల పంకా నిమిషమునకు 1,000 చుట్లు తిరిగి ఇచ్చు గాలిని 80 మిల్లీమీటర్ల పంకా ఇయ్యవలెనన్న దాదాపు 3,400 చుట్లు తిరుగవలెను. వేగము రెట్టింపైనచో పంకా తీసికొను శక్తి ఎనిమిది రెట్లగును. చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పెరుగును. ఉరవకొండ, వజ్రకరూరు మెట్టలపై తిరుగు గాలిమరలకును ఈ ఘననియమమే వర్తించును: గాలి వేగము రెట్టింపైనచో అందులోని శక్తి ఎనిమిది రెట్లు.

వేడిగాలి తనంతట తానే పైకి పోవునుగదా అని కొందరందురు. నిజమే గాని, 40 సెంటీమీటర్ల ఎత్తుగల పెట్టెలో 10 డిగ్రీల భేదము వలన పుట్టు పీడనము 0.13 పాస్కలు మాత్రమే. సాధారణ పంకా 10 నుండి 20 పాస్కళ్ల పీడనము పుట్టింపగలదు. కావున పొగగొట్టపు సూత్రమును నమ్ముకొని కూర్చుండరాదు.

దుమ్ముతో తగవు

మెట్టప్రాంతపు ఎఱ్ఱమట్టి దుమ్ము రెక్కల నడుమ చేరి దారి మూసివేయును. వడపోత తెర పెట్టినచో దుమ్ము ఆగును, కాని గాలియు కొంత తగ్గును. లోనికి తెచ్చు పంకాను తెర వెనుక అమర్చి, వెలుపలికి పంపు పంకాకన్న బలమైనదిగా ఉంచుట మేలు. అప్పుడు లోపలి పీడనము కొంచెము హెచ్చి, సందులనుండి గాలి బయటికి పోవునేగాని దుమ్ము లోనికి రాదు. అయితే తెరను తరచుగా దులుపవలెను. దుమ్ముపట్టిన తెర తెరలేని పెట్టెకన్న అధ్వాన్నము.

ఇంటికి వీధితలుపు తెరచి పెరటితలుపు మూసినచో గాలి ఆడదు. పెట్టెయు అంతే. వెనుకభాగమును గోడకానించినచో వెడలిన వేడిగాలియే మరల లోనికి వచ్చును. గది సంగతియు ఇట్టిదే: 10 కంప్యూటర్లు 2,000 వాట్లు వెడలగ్రక్కును, ఒక్కొక్కరు సుమారు 100 వాట్ల చొప్పున 20 మంది విద్యార్థులును అంతే వేడి నిత్తురు. ఎదురెదురు కిటికీలు లేని గదిలో ఎంత మంచి పెట్టెయైనను ఓడిపోవును.

తరగతిలో ఒక పరీక్ష

పెట్టెను విప్పనక్కరలేదు. సన్నని నూలుపోగును కఱ్ఱకు కట్టి రంధ్రములకు కొంత దూరమున పట్టినచో గాలి ఎటు వచ్చి ఎటు పోవుచున్నదో తెలియును. పోగు పంకాలో పడనీయరాదు. గాలి ప్రవేశించు చోటను, వెడలు చోటను ఉష్ణమాపకముతో కొలిచి భేదమును వ్రాసికొనవలెను. పెట్టెను గోడనుండి ఒక జానెడు జరిపి, తెర దులిపి, అదే పని చేయించుచు మరల కొలువవలెను. భేదము తగ్గినచో గాలి పెరిగినదని అర్థము. క్రొత్త కంప్యూటరు కొనుటకు ముందు ఈ రెండు అంకెలను పోల్చుట మంచిది.