కోనసీమలో నేల, నీటి సంరక్షణకు ఆర్థిక సహాయం

నేల సారము తగ్గకుండా, సాగునీరు వృథా కాకుండా, చేలలో ముంపు నిలువకుండా తమ భూములలో పనులు చేయించుకునే భూయజమానులకు ప్రభుత్వం అప్పుగా గాని, రాయితీగా గాని ఇచ్చే సొమ్మును నేల, నీటి సంరక్షణ సహాయం అంటారు. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతాలలో ఈ పనుల ఉద్దేశం పడిన వాననీటిని చేలోనే ఆపడం. గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ ఉన్న కోనసీమలో (అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు) సమస్య ఇందుకు విరుద్ధమైనది. ఇక్కడ నీటిని బయటకు పంపడమే కష్టం. పథకాలు ఎక్కువగా మెట్టను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి కావడం వలన ఈ ప్రాంతానికి అవి పాక్షికంగానే ఉపయోగపడ్డాయి.

తక్కావి ఋణాలు

ధవళేశ్వరం ఆనకట్ట (1847-1852) తరువాత కోనసీమకు కాలువ నీరు వచ్చింది. భూమి బాగుచేసుకునే వారికి అప్పు ఇచ్చే ఏర్పాటు 1883 నాటి భూమి అభివృద్ధి ఋణాల చట్టంలో కనిపిస్తుంది. వీటినే తక్కావి ఋణాలు అనేవారు. బావులు, చెరువులతో పాటు మురుగు తీయడం, నదీకోత నుండి, వరద నుండి పొలాన్ని కాపాడుకోవడం కూడా ఈ చట్టం చెప్పిన ప్రయోజనాలలో ఉన్నాయి. బకాయి పడితే భూమిశిస్తు బకాయి వలెనే వసూలు చేసేవారు. భూమిని బాగుచేసే హక్కు గలవారికి గాని, వారి సమ్మతితో ఇతరులకు గాని అప్పు ఇవ్వవచ్చునని చట్టం పేర్కొన్నది. ఈ "సమ్మతి" అనే మాట ఆ తరువాతి చట్టాలలోనూ వెంట వచ్చింది.

తోటలకు అందిన సహాయం

కొబ్బరి తోటలకు సహాయం కొంత సులువుగా అందుతుంది, ఎందుకంటే తోటను సాధారణంగా యజమానే చూసుకుంటాడు. బిందుసేద్యానికి రాయితీ ఇచ్చే ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం 2003 నవంబరులో ప్రారంభమైనది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కృషి సించాయి యోజన మార్గదర్శకాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు పరికరాల ఖర్చులో 55 శాతం, ఇతరులకు 45 శాతం రాయితీ లభిస్తుంది. రాష్ట్రం దీనిపై అదనపు వాటా కలిపి ఇచ్చింది. ఒక లబ్ధిదారుకు 5 హెక్టార్ల వరకే పరిమితి.

అయితే కాలువ నీరు పుష్కలంగా పారే చోట నీరు పొదుపు చేయవలెనన్న ఆలోచన రైతుకు సులభంగా రాదు. కొబ్బరికి తేమ నిలిపే పాత పద్ధతి డొక్కలు పాతడం. చెట్ల వరుసల మధ్య కందకం తవ్వి, డొక్కలను గుంట భాగం పైకి ఉండేటట్లు పొరలుగా పేర్చి మట్టి కప్పుతారు. దీని ప్రభావం 5 నుండి 7 సంవత్సరాలు ఉంటుంది. కాని పీచు పరిశ్రమ డొక్కలను కొంటుంది గనుక, పాతిన రైతు ఆ ఆదాయం వదులుకున్నట్లే.

మురుగు కాలువలు

వరిచేల సంగతి వేరు. చేనిలోని నీరు మురుగుబోదె ద్వారా చిన్న డ్రెయినుకు, అక్కడి నుండి కౌశిక, కూనవరం, శంకరగుప్తం వంటి పెద్ద డ్రెయిన్లకు చేరి సముద్రం వైపు పోవాలి. డ్రెయినులో పూడిక, గుర్రపుడెక్క పెరిగితే నీరు వెనక్కు తన్నుతుంది. సముద్రపు పోటు సమయంలో ఉప్పునీరు లోనికి ఎక్కుతుంది. అందువలన ఒక రైతు తన గట్టు ఎంత బాగుచేసుకున్నా, దిగువన డ్రెయిను పూడిపోతే అతని చేను మునుగుతుంది. విడివిడిగా రైతుకు ఇచ్చే రాయితీ ఇక్కడ పనిచేయదు.

దీనికి సామూహిక ఖర్చు అవసరమని గుర్తించి 1968లో కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతాల మురుగుపారుదల సెస్సు చట్టం చేశారు. అంటే ఈ విషయంలో భూయజమాని సహాయం పొందడానికి బదులు తానే సొమ్ము చెల్లించవలసి వచ్చింది. 1997 చట్టంతో ఏర్పడిన నీటి సంఘాలకు కాలువల నిర్వహణ పనులు అప్పగించారు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాలలో వరి వేయకుండా "పంట విరామం" ప్రకటించారు. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు మురుగు సమస్య కూడా కారణాలలో ఒకటి. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించినది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిను వెంబడి ఉప్పునీటి వలన కొబ్బరిచెట్లు మోడువారిన సంగతి 2025లో రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది.

కౌలుదారుల స్థితి

కోనసీమ వరి పొలాలలో చాలా భాగం కౌలుకు సాగవుతున్నది. యజమానులలో పలువురు పట్టణాలలోనో, విదేశాలలోనో ఉంటారు. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట విత్తనాలను ప్రభుత్వం రాయితీపై ఇస్తూ వచ్చింది. వేసవి వానలకు వాటిని చల్లి, పూతదశలో కలియదున్నితే నేలకు నత్రజని, సేంద్రియ పదార్థం చేరుతాయి. ఉప్పు తగిలిన నేలకు జీలుగ మరింత అనుకూలం. ఆ దున్నకపు ఖర్చు, శ్రమ కౌలుదారువి. మరుసటి ఏడు ఆ చేను అతని చేతిలోనే ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకు గుర్తింపు కార్డు ఇచ్చి పంట ఋణానికి మార్గం చూపినది. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డుకు యజమాని అంగీకారం కావాలి, గడువు 11 నెలలు. బిందుసేద్యపు రాయితీకి మాత్రం సొంత భూమి లేని రైతు కనీసం 7 సంవత్సరాల కౌలు ఒప్పందం చూపవలసి ఉన్నది.