పిడి ఊడితే ఏ రివెట్?

కడాయి పిడి ఊగుతోందని మొన్న గన్‌తో పాప్ రివెట్ కొట్టించా. నెల తిరక్కుండానే వేడి నూనెతో ఉండగా పిడి ఊడి చేతికొచ్చింది! కాలు కాలకుండా త్రుటిలో తప్పించుకున్నా.

పాప్ రివెట్ లోపల బోలుగా ఉంటుంది. వెనక వైపు చెయ్యి పట్టని చోట, నేమ్‌బోర్డులు, రేకు డబ్బాలకు అది చాలు. బరువు మోసే పిడికి మాత్రం గట్టి రివెట్ పెట్టి, వెనక దన్ను ఉంచి సుత్తితో కొట్టాల్సిందే.

విమానం రెక్కలకైతే తల పైకి రాని రివెట్లు వాడతారు, గాలికి అడ్డు తగలకుండా. వంతెనలకు ఎర్రగా కాల్చి కొట్టేవారు. చల్లారుతూ అవి కుంచించుకుపోయి ఉక్కు పలకల్ని దగ్గరగా బిగించేస్తాయి. మీ జీన్స్ జేబు మూలల్లోని బొట్లూ రివెట్లే, 1873 నాటి పేటెంట్!

పిడి వదులైందా? ‘గట్టి రివెట్ వెయ్యన్నా’ అని అడిగి మరీ వేయించుకోండి.