ఫణిగిరికి పోయివత్తము

ప్రదర్శనశాల యనగానే మన ఉపాధ్యాయులు హైదరాబాదుకు బస్సు కుదుర్తురు. సాలార్‌జంగ్ మ్యూజియమున గంటలు కొట్టు గడియారమును, ముసుగులోని రెబెక్కాను చూచి పిల్లలు మురిసివత్తురు. మంచిదే. కాని మన సూర్యాపేట జిల్లాలోనే, పాము పడగవంటి గుట్టపై ఫణిగిరి బౌద్ధక్షేత్రము గలదు. అచ్చటి త్రవ్వకములలో బయల్పడిన తోరణపు దూలము 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ప్రదర్శనార్థమై వెళ్లినది. అన్యదేశీయులు ఆగి ఆగి చూచిన ఆ సున్నపురాతి శిల్పము పేరైనను కోదాడ, మిర్యాలగూడ బాలలలో ఎందరు వినిరి?

గుట్ట నెక్కుటకు ముందు పిల్లలకు అచ్చట దొరకిన శాసనమొకటి చెప్పవలెను. ఇక్ష్వాకు ప్రభువు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరమున ధర్మచక్రమును నిలిపినవాడు ఒక ప్రధాన వైద్యుడట! రాజు కాడు, సేనాపతి కాడు. ఇది వినిన బాలుడు ఆ రాళ్లను వేరు కన్నులతో చూచును. 2024లో అచ్చటనే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు లభించినవి. వాటిపై ఏనుగు బొమ్మ గలదు.

తేదీలు వ్రాయించుటకు తరగతి గది చాలును. గుట్టమీద మాత్రము స్తూపము నెదుట, చైత్యముల పునాదులకడ ఒక్కొక్కరిని పావుగంట కూర్చుండబెట్టి, కంటికి కనిపించినది గీయింపుడు. వంకరగా వచ్చినను దిద్దకుడు.