చలికాలంలో మేజోళ్ళకు మొహమాటమెందుకు?

డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాద్ ప్రాంతంలో ఫజ్ర్ వుజూ ముగిసేసరికి పాదాలు కొయ్యబారిపోతాయి. అయినా మన ఇళ్ళలోని దాదీలు, నానీలు మేజోళ్ళు తొడగరు. వేళ్ళు కనిపించే చెప్పులలో మేజోళ్ళేమిటని నలుగురూ నవ్వుతారని వారి సంకోచం. ఆ సంకోచం అనవసరమని మేము భావిస్తున్నాము.

ఇది కొత్త వింత కాదు. దైవప్రవక్త (స) మేజోళ్ళపై, చెప్పులపై మసహ్ చేశారన్న ముగీరా బిన్ షూబా (రజి) ఉల్లేఖనం తిర్మిజీ గ్రంథంలో ఉంది. వుజూతో తొడిగినవాటిపై మసహ్ గడువు ఇంటిపట్టున ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణీకులకు మూడు పగళ్ళు, మూడు రాత్రులు. అయితే పలుచని మేజోళ్ళపై మసహ్ చెల్లదని హనఫీ పండితులు చెబుతారు. కనుక అలాంటివి విప్పి పాదాలు కడగాలి. వేళ్ళ సందులు తుడిచి, ఆరిన తరువాతే తిరిగి తొడగాలి; తడి మేజోళ్ళు చలిని మరింత పెంచుతాయి.

బొటనవేలు విడిగా అల్లిన మేజోళ్ళు ఇలాంటి చెప్పులలో చక్కగా అమరుతాయి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన పాదాలను నిప్పుసెగకు చాపితే కాలినా తెలియదు. వారికి మెత్తని, బిగుతులేని మేజోళ్ళే మేలు. నలుగురి నవ్వుకంటే అమ్మ పాదాల క్షేమం ముఖ్యం కాదా?