చిన్న గుండు – పెద్ద వేగము

జగిత్యాల జిల్లాలోని కోరుట్ల ప్రాంతమున వరి, మక్కజొన్న, పసుపు ముఖ్యమైన పంటలు. మక్క కంకులు పాలుపట్టు దినములలో అడవిపందులు రాత్రివేళ మందలుగా చేలలో పడును. అవి తినునది కొంత, త్రొక్కి పాడుచేయునది అంతకు మించి. మంచెపై కూర్చుండి డబ్బా వాయించుచు కావలి కాయు రైతునకు, ఒక్క తుపాకి దెబ్బతో ఈ పీడ విరగడయగును గదా అని తోచుట సహజము. ఇతర దేశములలో పంటలను పాడుచేయు జంతువులను చిన్న గుండ్లతో కొట్టుచున్నారు. అవి ఇచ్చట పనికివచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నత పాఠశాలలో చదువుకొను భౌతికశాస్త్రమునందే కలదు.

తూటాలో ఇత్తడి గొట్టము, దానిలో మందు, కొనయందు గుండు ఉండును. పేల్చినపుడు ఎగిరిపోవునది గుండు మాత్రమే. తుపాకి గొట్టము లోపలి వ్యాసమును కాలిబరు అందురు. .22 కాలిబరు అనగా అంగుళమును నూరు భాగములు చేసినచో అందులో 22 భాగములు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు. ఇది వ్రాసుకొను పెన్సిలు కంటె సన్నము.

అయితే కాలిబరు ఒక్కటే తెలిసిన చాలదు. సామాన్యమైన .22 లాంగ్ రైఫిల్ గుండు బరువు 2.6 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 330 మీటర్లు. .223 రెమింగ్టన్ అను తూటాలోని గుండు లావున దాదాపు ఇంతియే, బరువు 3.6 గ్రాములు, వేగము మాత్రము సెకనుకు 980 మీటర్లు. గతిజశక్తి ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించగా వచ్చును. లెక్కించినచో మొదటిదాని శక్తి 140 జౌళ్లు, రెండవదానిది 1,700 జౌళ్లు. బరువు ఒకటిన్నర రెట్లయినను కాలేదు, శక్తి పండ్రెండు రెట్లయినది! వేగము మూడింతలైనపుడు శక్తి తొమ్మిదింతలగుటయే దీనికి ముఖ్య కారణము.

తరగతిలో దీనిని సులభముగా చూపవచ్చును. ఒక గోళీని అర మీటరు ఎత్తునుండి, తరువాత రెండు మీటర్ల ఎత్తునుండి మెత్తని బంకమట్టిపై వదలవలెను. రెండవమారు నేలను తాకునపుడు దాని వేగము రెండింతలే. కాని శక్తి నాలుగింతలు. మట్టిలో పడిన గుంటల లోతును పోల్చి చూచినచో భేదము తెలియును.

ఉత్తర అమెరికా గడ్డిమైదానములలో ప్రైరీ డాగ్ అను చిన్న జంతువు బొరియలు త్రవ్వి నివసించును. అది ఉడుత జాతికి చెందినది; బరువు సుమారు ఒక కిలోగ్రాము. అట్టివానిని దూరమునుండి కొట్టుటకై తేలికయైన, వేగవంతమైన గుండ్లు రూపొందినవి. 1930లో .22 హార్నెట్, 1935లో .220 స్విఫ్ట్ వెలువడినవి. ఈ పనికి వాడు గుండులో సీసముపై రాగి తొడుగు మిక్కిలి పలుచన. గొట్టములోని మెలిక గాళ్ల వలన గుండు తిరుగుచు వెళ్లును. ముప్పది సెంటీమీటర్లకు ఒక చుట్టు చొప్పున తిరిగినను, పైన చెప్పిన వేగమున సెకనుకు 3,200 చుట్లకు పైబడును. అందుచేత దేనినైనను తాకగానే గుండు తునుకలై, తన శక్తినంతయు అచ్చటనే విడిచిపెట్టును. నేలను తాకి పైకెగిరి మరొకచోటికి పోవు అపాయము తగ్గును.

ఈ గుణమే అడవిపంది విషయమున దోషమగును. పెరిగిన పంది నూరు కిలోగ్రాములకు మించియు ఉండవచ్చును. మగపంది భుజములపై చర్మము క్రింద కవచము వంటి గట్టి పొర ఉండును. పలుచని గుండు అచ్చటనే చిట్లి, గుండెను, ఊపిరితిత్తులను చేరకపోవచ్చును. గాయపడిన పంది బాధతో పారిపోవును. వెదకబోయిన మనిషిపైకి తిరుగబడును. గట్టి తొడుగు గల బరువైన గుండు లోతుగా దిగును. కాని జంతువును దాటి ఆవలకు పోగలదు. ఇక .22 లాంగ్ రైఫిల్ గుండు పందిని పడగొట్టజాలదు. గురితప్పినచో కిలోమీటరుకు మించి పోయి మనిషిని చంపగలదు.

కనుక గుండును ఎంచుటలో మూడు ప్రశ్నలు కలవు: అది మర్మస్థానమును చేరునా? చేరిన పిదప ఎచ్చట ఆగును? గురితప్పినచో దాని వెనుక ఏమున్నది? కోరుట్ల చేలలో మక్క మనిషిని మించి పెరుగును. చీకటిలో పక్క చేనియందు మరొక కావలివాడు ఉండవచ్చును. ఆవల ఊరు ఉండవచ్చును. మూడవ ప్రశ్నకు సమాధానము దొరకనిచోట ఏ గుండును మంచిది కాదు.

చట్టమును ఇదే జాగ్రత్తను కోరుచున్నది. తుపాకికి 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు కావలెను. పంటకు ముప్పు కలిగించు అడవిపందిని చంపుటకైనను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అధికారము గల అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి ఉండవలెను. చేని చుట్టు దొంగచాటుగా విద్యుత్తు తీగలు కట్టుట నేరమే కాక, రాత్రి నీరు పెట్టబోవు రైతుల ప్రాణములనే తీయుచున్నది. ప్రాణము తీయని అల్ప విద్యుత్ స్పందనలతో పనిచేయు సౌర కంచె, గట్టుల వెంబడి దట్టముగా వేసిన ఆముదపు వరుసలు, ఇరుగుపొరుగు రైతుల ఉమ్మడి కావలి – ఇవి పందిని చేనిలోనికి రాకుండ ఆపు ఉపాయములు. విడిచిన గుండును వెనుకకు పిలువలేము. కంచెను మాత్రము రేపు సరిచేసికొనవచ్చును.