అలలకు ఎదురెళ్లినా ఒరిగింది!

తుపాను ముంచుకొస్తే ఓడను అలలకు ఎదురుగా నిలపాలన్నది నావికుల పాత పాఠం. ఆ పాఠాన్నే నమ్ముకున్న ఓ భారీ నౌక 1998లో నడిసముద్రంలో కాగితప్పడవలా ఊగిపోయింది. ఎందుకలా జరిగిందో తేల్చింది... ప్రయోగశాలలోని ఓ కొలనూ, కంప్యూటర్లూ!

అది అక్టోబరు చివరివారం. 'ఏపీఎల్ చైనా' అనే కంటెయినర్ నౌక తైవాన్‌లోని కావోష్యుంగ్ నుంచి అమెరికాలోని సియాటిల్‌కు వెళ్తోంది. పొడవు సుమారు 262 మీటర్లు, వెడల్పు 40 మీటర్లు. డెక్ మీద దాదాపు 1,300 కంటెయినర్లు. ఉత్తర పసిఫిక్‌లో తుపాను కమ్ముకుంది. కెప్టెన్ వేగం తగ్గించి, ఓడ ముందుభాగాన్ని అలలవైపు తిప్పాడు. అయినా ఓడ ఓ పక్కకి 35-40 డిగ్రీల దాకా ఒరగడం, లేచి రెండో పక్కకీ అంతే ఒరగడం! సుమారు పన్నెండు గంటల తుపాను వెలిశాక చూస్తే, మూడోవంతు కంటెయినర్లు సముద్రం పాలయ్యాయి. మరో మూడోవంతు దెబ్బతిన్నాయి.

పక్క నుంచి అలలు కొడితే ఓడ పక్కలకు ఊగుతుంది. ఎదురుగా కొడితే ముందూ వెనకా లేచి పడాలి. మరి ఇదేమిటి? తప్పు కెప్టెన్‌దా?

ఉయ్యాల కిటుకు

అట్లతద్దినాడు ఉయ్యాల మీద నిలబడి ఊగే ఆడపిల్లల్ని చూశారా? వెనక నుంచి ఎవరూ తొయ్యక్కర్లేదు. ఉయ్యాల అటు వెళ్లి ఇటు వచ్చేలోగా రెండుసార్లు మోకాళ్లు వంచి లేస్తే చాలు, ఊపు పెరుగుతూనే ఉంటుంది. ఓడ విషయంలో ఆ పని అలలు చేస్తాయి.

కంటెయినర్ నౌక రెండు కొసలూ కింద సన్నగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుంటాయి. అల శిఖరం ఓడ నడుమకి వస్తే కొసలు నీటిలోంచి తేలతాయి. నీటిమీద ఆనే వెడల్పు తగ్గి, ఒరిగిన ఓడను తిరిగి నిలబెట్టే బలం సన్నగిల్లుతుంది. అల పల్లం నడుమకి వస్తే కొసలు మునిగి ఆ బలం పెరుగుతుంది. ఓడ అటూ ఇటూ ఒకసారి ఊగేలోగా ఇది రెండుసార్లు జరిగిందంటే ప్రమాదమే! దీన్నే 'పరామెట్రిక్ రోలింగ్' అంటారు. దీని జాడను 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ ఇంజినీరు విలియం ఫ్రూడ్ కనిపెట్టాడు. కానీ ఇంత పెద్ద ఓడకి, అదీ ఎదురలల్లో ముప్పు రావచ్చని పెద్దగా పట్టించుకోలేదు.

తెరమీద తుపాను

పరిశోధకులు నెదర్లాండ్స్‌లోని 'మారిన్' సంస్థ కొలనులో నమూనా ఓడను ఎదురలల్లో పరీక్షించారు. అదీ ఒరిగింది. కంప్యూటర్ సిమ్యులేషన్‌లోనూ అదే ఊపు కనిపించింది. సిమ్యులేషన్ చేసేది లెక్కలే. ఈ క్షణాన ఓడ ఎంత మునిగిందో చూసి, దాని మీద పడే నీటి ఒత్తిడిని భాగాలవారీగా కూడి, మరుక్షణం ఓడ ఎటు కదులుతుందో చెబుతుంది. మళ్లీ మొదలు! వేగం, దిశ, అలల ఎత్తు మార్చి ఎన్నిసార్లు ముంచినా ప్రాణనష్టం ఉండదు.

అయితే ఓడ అడుగున పుట్టే సుడులు ఊపును ఎంత అణచివేస్తాయన్నది కంప్యూటర్‌కీ చిక్కుముడే. అందుకే నమూనా పరీక్షలతో సరిచూసుకోవాలి. మన విశాఖపట్నంలోని డీఆర్‌డీవో నౌకా పరిశోధనశాలలోనూ ఇలాంటి పరీక్షలకు 135 మీటర్ల పొడవైన అలల కొలను ఉంది.

అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2020లో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. ఓడ ఇలా ఊగే అవకాశాన్ని సిమ్యులేషన్‌తో అంచనా వేసే పద్ధతికి వాటిలో చోటుంది. ఏ అలల్లో ఏ వేగం, ఏ దిశ ప్రమాదకరమో కెప్టెన్‌కి పటం గీసి ఇవ్వొచ్చు.

పాత పాఠం తప్పు కాదు. దానికో మినహాయింపు ఉంది, అంతే. లయ తప్పితే ఉయ్యాల నెమ్మదిస్తుంది. అలల్ని ఎవరూ ఆపలేరు. కానీ వేగమో దిశో కాస్త మారిస్తే ఆ లయ తప్పుతుంది. ఆ రాత్రి కెప్టెన్‌కి కావలసింది అంతకన్నా ధైర్యం కాదు... ఆ చిన్న కబురు!